అగ్నిశిఖ – మన గుట్టమీది అడవి లిల్లీ



వానలు పడి గుట్టలు పచ్చబడిన దినములలో మన పాఠశాల వెనుకనున్న బండల వైపునకు మీలో పలువురు పోవుచుందురు. అచట జెముడు పొదలలోను పరికి కంపలలోను చిక్కుకొని పైకి ప్రాకిన యొక సన్నని తీగను చూచియే యుందురు. దానికి మంట లేచినట్లు ఎఱుపును పసుపును కలిసిన పువ్వులు పూయును. పువ్వు కనబడగానే "ఎంత బాగున్నది!" అనని వారుండరు. కాని దాని పేరేమని యడిగిన చెప్పగలవారు మనలో కొలదిమందియే. రెండేండ్ల క్రిందటి వఱకు ఈ వ్యాసము వ్రాయుచున్న నాకును తెలియదు.

నాకు తెలిసిన విధము చెప్పెదను. శ్రావణమాసములో ఒకనాటి సాయంకాలము, బడి విడిచిన పిదప, ఏడవ తరగతి బాలురిద్దరు నాయొద్దకు వచ్చిరి. ఒకని చేతిలో మట్టి యంటిన దుంప యున్నది. జానెడు పొడవుండును, నడుమ వంగి రెండు కొమ్ములుగా చీలియున్నది. "సార్, ఇది అడవి గెణుసా? కాల్చుకొని తినొచ్చునా?" అని యడిగిరి. పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందునాడు నేను 'చిలగడదుంప' యని నేర్చినదానిని ఇచటి పిల్లలు 'గెణుసుగడ్డ' యందురని తెలిసికొనుటకే నాకు కొంతకాలము పట్టినది. ఇక ఈ అడవిదుంప పేరు నాకెట్లు తెలియును? తెలియదని ఒప్పుకొని, తెలియనిదానిని తినరాదని చెప్పి, దుంపను నాయొద్ద నుంచుకొని, వారిచేత సబ్బుతో చేతులు కడిగించి పంపితిని. ఆ రాత్రి నిఘంటువులను, వృక్షశాస్త్ర గ్రంథములను త్రిప్పి, దుంప రూపమును బాలురు వర్ణించిన పువ్వును పోల్చి చూచి, 'అగ్నిశిఖ' యను పేరు కనుగొని సంతోషించితిని.

మఱునాడు ఆ బాలురలో నొకని యక్క, తొమ్మిదవ తరగతి బాలిక, నాయొద్దకు వచ్చి ఇట్లు చెప్పినది: "సార్, మా అవ్వ దాన్ని అడవినాభి అంటుంది. దాన్ని ముట్టుకొన్న చెయ్యి కడుక్కోకుండా అన్నం తినకూడదంట."

నేను రాత్రియంతయు వెదకి తెచ్చిన పేరు పువ్వు అందమును చెప్పుచున్నది. అవ్వ చెప్పిన పేరు ప్రాణమును కాపాడుచున్నది. నాభి యనగా బొడ్డు అను అర్థమే తెలిసి మీరు నవ్వుదురు గాని, తెలుగులో ఆ మాటకు విషపు వేరు అను అర్థమును కలదు. హిమాలయములలో పెరుగు వత్సనాభి యను ఘోరమైన విషమూలికను మన పెద్దలు 'నాభి', 'వసనాభి' యనిరి. అటువంటి విషమే మన యడవిలోను దొరకుచున్నదని హెచ్చరించుటకు దీనిని 'అడవినాభి' యని యుందురు. ఆ బాలురు నన్నడుగక దుంపను నిప్పులలో వేసి తినియుండినచో ఏమి జరిగెడిదో తరువాత చెప్పెదను. ముందు తీగను చూతము.

ఆంగ్లమున దీనిని 'గ్లోరీ లిల్లీ' యనియు 'ఫ్లేమ్ లిల్లీ' యనియు అందురు. లిల్లీ యనగానే మీకు పూలయంగడిలో మూరలకొలది మాలలుగట్టి అమ్ము తెల్లని సువాసన పువ్వు తలపునకు వచ్చును. అది లిల్లీ కాదు. ఆ మొక్క మెక్సికో దేశమునుండి వచ్చినది, కిత్తనారకు చుట్టము. నేలసంపెంగ యను చక్కని పేరుండగా అంగడివారు దానికి లిల్లీ యని తగిలించిరి. కలువను 'వాటర్ లిల్లీ' యందురు. అదియు లిల్లీ కాదు. వృక్షశాస్త్రజ్ఞులు 'లిలియం' అని పిలుచు అసలైన లిల్లీ మన దక్షిణదేశమునను కలదు. నీలగిరులలోను పళని కొండలలోను, చలిగల ఎత్తు ప్రదేశములందు, గడ్డి నడుమ తెల్లని పొడవైన బూరవంటి పువ్వులు పూయును. నీలగిరి పేరే దానికి పెట్టినారు. అది మన గుట్టలయెండకు బ్రతుకునది కాదు.

మన అగ్నిశిఖను వృక్షశాస్త్రజ్ఞులు చాలకాలము లిల్లీ కుటుంబముననే ఉంచిరి. మీ తల్లిదండ్రులు చదివిన పుస్తకములలో అట్లే యుండును. నాడు ఆ కుటుంబము నీరుల్లి, కలబంద, పిల్లితేగలు మొదలైనవన్నియు గుమిగూడిన సంతవలె నుండెడిది. తరువాత మొక్కల జన్యువులను పరీక్షించి సంసారములను వేఱుపఱచినప్పుడు అగ్నిశిఖ 'కాల్చికేసి' యను కుటుంబమునకు పోయినది. ఆ కుటుంబమును లిల్లీ కుటుంబమును ఒకే వంశవృక్షపు కొమ్మపై నున్నవి. కనుక అగ్నిశిఖను లిల్లీకి తోబుట్టువనరాదు; దాయాది యనవచ్చును. స్వీడను దేశపు లినేయస్ పండితుడు 1753లో దీనికి 'గ్లోరియోసా సుపర్బా' యని శాస్త్రీయనామమును ప్రకటించెను. మొదటి మాటకు ఘనత గలదనియు, రెండవ మాటకు మిక్కిలి శోభ గలదనియు అర్థము. ఒకే పొగడ్తను రెండుమాఱులు పొగడినట్లు నాకు తోచును గాని, పువ్వును చూచినవారు ఆయనను తప్పుపట్టలేరు.

వేసవిలో గుట్టమీదికి పోయిన ఈ తీగ జాడయే కానరాదు. దుంప నేలలో నిద్రించుచుండును. వానలు మొదలు కాగానే దుంప కొననుండి మొలక లేచును. మొలకెత్తు శక్తి యంతయు ఆ కొననే యున్నది. కొన విరిగిన దుంప మఱి మొలవదు. పైకి వచ్చిన తీగ ఊతము దొరకిన రెండు నిలువుల యెత్తు ప్రాకును. దాని ప్రాకు విధమును మీరు దగ్గఱనుండి చూడవలెను. చిక్కుడుతీగ తన కాండమునే కొయ్యకు చుట్టుకొనును. కాకర, దోస తీగలకు ప్రాకుటకై వేఱుగా నులితీగలు పుట్టును. అగ్నిశిఖకు ఆ రెండు పద్ధతులును లేవు. దాని ఆకు కొనయే సాగి, సన్నబడి, వడ్రంగి చిత్రిక పట్టునప్పుడు లేచు చెక్కపొరవలె చుట్టుకొని, ప్రక్కనున్న కొమ్మను పట్టుకొనును. ఆకే చేయి, ఆకే వేలు. ఆ ఆకును వెలుతురుకు ఎత్తి చూచిన ఈనెలన్నియు రాగి, జొన్న ఆకులలో వలె ప్రక్కప్రక్కన సాగియుండుట కనబడును. విత్తనములో ఒకే దళము గల మొక్కలకు ఇది గురుతు.

పువ్వును గూర్చి కొంత నిదానముగా చెప్పవలసియున్నది. మొగ్గ ఆకుపచ్చగా, తలవాల్చి వ్రేలాడుచుండును. విచ్చునప్పుడు ఆఱు రేకులును వెనుకకు మడిగి ఆకాశము వైపు లేచును. అనగా పువ్వు నేలను చూచుచుండగా రేకులు నింగిని చూచుచుండును. ఒక్కొక్క రేకు రెండు మూడు అంగుళముల పొడవు; అంచులు అలలవలె ముడుతలు పడియుండును. గాలికి అవి కదలునప్పుడు నిజముగా మంటనాలుకలే యనిపించును. మందారమునకు వలె ఆకుపచ్చని రక్షకపత్రములు, రంగుగల ఆకర్షణపత్రములు అని రెండు వరుసలు దీనికి వేఱుగా కానరావు. ఆఱును ఒక్కటే తీరు. ఇట్టివానిని పరిపత్రములందురు.

రేకులు పైకి పోగా క్రింద మిగిలిన ఆఱు కేసరములు బండిచక్రపు ఆకులవలె నలుదిక్కులకు చాచుకొని యుండును. వాని కొనలందు పుప్పొడి తిత్తులు అడ్డముగా ఊగుచుండును. ఇక నడుమనున్న కీలమును చూడుడు. సాధారణముగా పువ్వులలో కీలము నిటారుగా నుండును. దీనిలో అది మొదటనే మూలమట్టపు కోణమున ప్రక్కకు విఱిచిపెట్టినట్లు వంగి, పువ్వు వెలుపలికి చాచుకొని యుండును. ఎవరో త్రొక్కినందున వంగినదేమో యని ఒక బాలుడు దానిని చక్కదిద్దబోయి విఱిచినాడు! వంకర దాని లోపము కాదు. తన పుప్పొడి తన కీలాగ్రముపై సులభముగా పడకుండ ఆ యేర్పాటు. రేకుల మొదళ్లయందు తేనె యుండును. దానికై పెద్ద సీతాకోకచిలుక వచ్చి వ్రాలినప్పుడు దాని ఱెక్కలు కేసరములకు తగిలి పుప్పొడి యంటుకొనును. వేఱొక పువ్వునకు పోయినప్పుడు అచట ప్రక్కకు చాచిన కీలాగ్రమునకు ఆ పుప్పొడి రాచుకొనును. కాయ వ్రేలంత పొడవై, ముదిరిన పిదప మూడు చీలికలుగా విచ్చును. లోపల నారింజ యెఱుపు గింజలు ముత్యములవలె వరుసగా నుండును. గురివింద గింజలు తినరాదని మీ యిండ్లలో చెప్పియే యుందురు. ఈ గింజలకును అదే కట్టడి.

ఇప్పుడు రకముల మాట. కిందటి సంవత్సరము ఎనిమిదవ తరగతి పిల్లలు గుట్టనుండి దిగివచ్చి, అగ్నిశిఖ రెండు రకములున్నదనియు, ఒకటి పసుపు, ఒకటి ఎఱుపు అనియు తీర్మానముగా చెప్పిరి. నేను అవునని గాని కాదని గాని చెప్పలేదు. ఒక మొగ్గ కాడకు తెల్లదారము కట్టి, ప్రతిదినము సాయంకాలము చూచి నోటుపుస్తకమున వ్రాయుడని చెప్పితిని. మొగ్గ విచ్చిన దినమున రేకులు ఆకుపచ్చ కలిసిన పసుపుగా నున్నవి. తరువాత పచ్చదనము పోయి మొదట పసుపు, కొనల ఎఱుపు వచ్చినది. ఆ యెఱుపు దినదినమును క్రిందికి దిగి, వారము దాటునప్పటికి రేకంతయు ముదురెఱుపైనది. దారము మాత్రము అదే, పువ్వు అదే. రెండు రకములని వాదించిన బాలుడే ఆ నోటుపుస్తకమును నాకు తెచ్చి యిచ్చెను. ఒకే తీగపై క్రింది పువ్వు ఎఱ్ఱగాను పైపువ్వు పసుపుగాను ఉండుటకు కారణమిదియే: క్రిందిది ముందు పూచినది.

ఇట్లనుటచేత నిజమైన రకములు లేవని కాదు. గ్లోరియోసా ప్రజాతిలో పదికి తక్కువ గాకుండ జాతులున్నవి. వానిలో ఎక్కువ భాగము ఆఫ్రికా ఖండమున నున్నవి. మన సుపర్బా జాతి ఆఫ్రికాలోను, భారతదేశము, సింహళము, ఇంకను తూర్పుననున్న ఆసియా దేశములలోను స్వయముగా పెరుగును. మన గుట్టలమీది దాని రేకులు సన్ననివి, అంచులు బాగుగా అలలు దీరినవి. ఆఫ్రికాలో 'రోత్స్‌చైల్డియానా' యను రూపము కలదు. దాని రేకులు వెడల్పు, ముడుతలు తక్కువ, గాఢమైన ఎఱుపునకు పసుపు అంచు కట్టినట్లుండును. తోటలలో పెంచుటకు దానినే మిక్కిలి కోరుదురు. 'లూటియా' యనునది వయస్సు ముదిరినను ఎఱుపెక్కక పసుపుగానే యుండును. అది దారపు పరీక్షలో నిలిచిన నిజమైన పసుపు రకము. వీనిని తొలుత వేఱు వేఱు జాతులని పండితులు తలచిరి. నేడు వీనిలో పెక్కింటిని ఒకే సుపర్బా జాతి రూపభేదములుగా ఎంచుచున్నారు. జింబాబ్వే దేశమునకు ఇది జాతీయపుష్పము. 1947లో ఎలిజబెత్ రాకుమారికి ఇరువదియొకటవ పుట్టినదినమునకు నాటి దక్షిణ రొడీషియా దేశపు బడిపిల్లలు ఈ పువ్వు ఆకారముగల వజ్రాల పతకమును కానుకగా పంపిరి. తమిళనాటి రాష్ట్రపుష్పమును ఇదే. అనగా మనము కాపురమున్న రాష్ట్రపు పువ్వు మన బడి వెనుకనే పూయుచున్నది.

తమిళమున దీని పేరు సెంగాందళ్. సంఘకాలపు కవి కపిలర్ రచించిన 'కుఱింజిప్పాట్టు'లో తొంబదితొమ్మిది పువ్వుల పేర్లు వరుసగా వచ్చును. వానిలో మొట్టమొదటిది ఇదే. ఆ కాలపు కవులు దీని రేకులను స్త్రీల వ్రేళ్లతో పోల్చిరి. దూరముననున్న మహారాష్ట్రపు కొంకణసీమలో దీనినే 'గౌరీచే హాత్', అనగా గౌరీదేవి చేతులు అందురు. ఒకరి మాట ఒకరికి తెలియని రెండు దేశములవారికి ఒకే పువ్వునందు వ్రేళ్లు కనబడినవి. కన్నడిగులు గౌరిహూవు అనియు, మన వలెనే అగ్నిశిఖె యనియు అందురు.

తమిళులు 'కార్తికైప్పూ' అనియు అందురు. ఈ రెండు పేళ్లను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఒక విశేషము తెలియును. గౌరీపూజ భాద్రపదమున వచ్చును. తమిళుల కార్తికై నెల నవంబరు నడుమ మొదలై డిసెంబరు నడుమ ముగియును. ఒకే పువ్వు ఒకచోట భాద్రపదపు పువ్వు, మఱియొకచోట కార్తికపు పువ్వు ఎట్లయినది? పడమటి తీరమునకు నైరృతి ఋతుపవనము జూనునందే వానలు తెచ్చును. దుంప అప్పుడే మొలచి భాద్రపదమునకు పూయును. తమిళనాటి తూర్పు మైదానములకు పెద్దవానలు ఈశాన్య ఋతుపవనముతో అక్టోబరున గాని రావు. కనుక పూతయు వెనుకబడును. ఎవరి వాన ఎప్పుడు వచ్చునో వారి పువ్వు పేరే చెప్పుచున్నది. మన గుట్టలకు రెండు వానలును కొంత కొంత అందును. అందుచేత మన పిల్లలు శ్రావణమునను చూతురు, దీపావళికిని చూతురు.

దుంపను బట్టి వచ్చిన పేళ్లు మఱికొన్ని. సంస్కృతమున దీనిని లాంగలి యందురు. లాంగలమనగా నాగలి. తమిళమున కలప్పై యన్నను నాగలియే. వారు దీనిని కలప్పైక్కిళంగు అందురు. తెలుగునను దీనికి 'కలప్పగడ్డ' యను పేరు కలదు. ఆ మాట తమిళమునుండి సరిహద్దు దాటి వచ్చినదని నా తలంపు. వంగిన దుంప కొయ్యనాగలి వలె నుండుటచే ఈ పేళ్లు వచ్చినవి. ఇది తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు ఊరక చూచిరి. ట్రాక్టరు దున్నిన చేలే చూచినవారికి కొయ్యనాగలి యెట్లు తెలియును? నల్లబల్లపై నాగలి బొమ్మ వ్రాసి, కఱ్ఱు ఎచట, మేడి ఎచట అని చూపి, అటుపిమ్మట దుంప బొమ్మ వ్రాయవలసి వచ్చినది. తెలుగున పొత్తిదుంప యనియు కొందరందురు.

తమిళుల మఱియొక పేరు 'కణ్‌వలిక్కిళంగు', కంటినొప్పి గడ్డ. ఈ పువ్వును ఱెప్పవేయక చూచిన కండ్లు నొచ్చునని చెప్పుకొందురు. చూచినంత మాత్రమున కండ్లు నొవ్వవు. కాని పిల్లలు దగ్గఱకు పోకుండ పెద్దలు కల్పించిన బెదిరింపు అయినచో, అది మంచి బెదిరింపే.

ఏలన దీని దుంప, ఆకు, పువ్వు, గింజ సర్వమును విషము. ఆ విషము పేరు కాల్చిసిన్. దుంపలో కంటె గింజలలో అది యధికము. కాల్చినను ఉడికించినను పోదు. దీని దుంపను గెణుసుగడ్డగా భ్రమపడి తిని ప్రాణములు కోల్పోయినవారిని గూర్చి సింహళద్వీపపు వైద్యులు వ్రాసియున్నారు. మన బాలురిద్దరికిని కలిగిన భ్రమ అదియే గదా! తిన్న కొన్ని గంటలకు గొంతు మండుట, వాంతులు, విరేచనములు ఆరంభమగును. పిమ్మట కొంత తెఱిపి వచ్చినట్లు కనబడవచ్చును, అది మోసము. రెండు మూడు దినములలో రక్తము, మూత్రపిండములు, గుండె చెడును. బ్రతికి బయటపడినవారికి వారము రెండు వారములకు తలవెండ్రుకలు రాలిపోవును. దీనికి విఱుగుడు మందు వైద్యశాలలలో దొరకదు. ఎంత త్వరగా చికిత్స మొదలైన అంత మేలు.

వెండ్రుకలు రాలుట యెందుకని పదవ తరగతివారు అడుగవలెను. మన శరీరమున కణములు ఒకటి రెండుగా చీలుచు పెరుగునని చదివితిరి. చీలునప్పుడు లోపల సన్నని పోగులు ఏర్పడి క్రోమోజోములను రెండు ప్రక్కలకు లాగును. కాల్చిసిన్ ఆ పోగులను ఏర్పడనీయదు. అందుచే కణము చీలలేదు. ఎచట కణములు తొందరగా చీలుచుండునో అచట దెబ్బ ముందు తగులును: ప్రేగుల లోపలి పొర, రక్తము పుట్టు ఎముక మూలుగ, వెండ్రుకల కుదుళ్లు.

ఈ గుణమే పండితులకు పనిముట్టు అయినది. మొక్క కణమున క్రోమోజోములు రెట్టింపైనను కణము చీలకున్నచో, ఆ మొక్కకు క్రోమోజోములు రెండింతలగును గదా! బ్లేక్స్‌లీ, ఏవరీ యను అమెరికా పండితులు 1937లో ఈ విధముగా మొక్కల క్రోమోజోములను రెట్టింపు చేయవచ్చునని ప్రకటించిరి. గింజలేని పుచ్చకాయను సృష్టించుటలో ఈ పద్ధతియే ఉపయోగపడినది. మందుగాను ఇది ప్రసిద్ధము. 1820లో ఫ్రాన్సు దేశపు పెల్తియే, కావెంతూ అనువారు దీనిని ఐరోపాలో పెరుగు కాల్చికం అను మొక్కనుండి తొలుత వేఱుచేసిరి. గౌటు అను కీళ్లజబ్బునకు వైద్యులు నేడును దీనిని ఇచ్చుచున్నారు. మాత్రలో నుండునది అర మిల్లీగ్రాము. ఒక మోస్తరు అగ్నిశిఖ దుంపలో అటువంటి మాత్రలు నూటికి పైగా చేయదగినంత కాల్చిసిన్ ఉండును. మందునకును విషమునకును గల దూరము ఎంతయో ఈ లెక్కను బట్టి చూచుకొనుడు.

తల్లిదండ్రులకు ఒక మాట. మరాఠీ భాషలో దీని పేరు కళలావీ. ప్రసవపు నొప్పులు పుట్టించునది యని అర్థము. పూర్వము దుంప నూరి ఆ పనికి వాడిన ఆచారము అనేకచోట్ల నుండెడిది. పాముకాటునకు, తేలుకాటునకు కూడ వాడుదురు. దయచేసి ఇంటివైద్యమునకు దీనిని తాకవలదు. పిల్లవాడు దుంప గాని గింజ గాని నోట పెట్టుకొన్నాడని తెలిసిన, బాధ కనబడువఱకు ఎదురుచూడక, ఉప్పునీళ్లు త్రాగించి వాంతి చేయించుచు కూర్చుండక, వెంటనే 108కి ఫోను చేసి వైద్యశాలకు తీసికొనిపోవలెను. తిన్నదానిలో మిగిలిన ముక్కను కాగితమున చుట్టి వైద్యునకు చూపవలెను. వైద్యునకు తెలుగుపేరు తెలియకపోవచ్చును. సెంగాందళ్ అనిన ఇచట తెలియును.

ఇంత విషమున్న తీగను పెరికివేసిన పోదా యని మీలో నొకడు అనుకొనుచుండును. పెరుకువారు ఇదివఱకే చాలమంది యున్నారు. తమిళనాట ధారాపురము, మూలనూరు, ఒడ్డన్‌సత్రము ప్రాంతములలోను, వేదారణ్యము వైపునను రైతులు దీనిని గింజలకొఱకు పంటగా వేయుదురు. ఆ గింజలు మందుల తయారీకై విదేశములకు పోవును. నేను ధారాపురము చుట్టుప్రక్కల ఒక చేను చూచితిని. కంపలకు, తీగెలకు అగ్నిశిఖ ప్రాకియున్నది. ఉదయపు వేళ స్త్రీలు వరుసగా నిలిచి, ఒక పువ్వు పుప్పొడిని తీసి వేఱొక పువ్వు కీలాగ్రమునకు చేతితో అద్దుచున్నారు. ప్రక్కకు వంగిన ఆ కీలము మీకు జ్ఞాపకమున్నది గదా? సీతాకోకచిలుక అడవిలో ఊరక చేయు పనిని చేనిలో కూలి యిచ్చి చేయించవలసి వచ్చినది.

చేను వేయుటకు దుంపలు కావలెను. గింజనుండి మొలచిన మొక్క బాగుగా పూయుటకు ఏండ్లు పట్టును గనుక, దుంపలనే నాటుదురు. ఆ దుంపలను మొదట అడవులనుండియే త్రవ్వి తెచ్చిరి. త్రవ్విన చోట మఱుసటి సంవత్సరము తీగ లేదు, పువ్వు లేదు. తీగ నుండి పువ్వు కోసిన దుంప బ్రతికియుండును. దుంప తీసిన అంతయు పోవును. మన గుట్టమీద నేను వచ్చిన తొలి యేట జెముడు పొదకొక తీగ కనబడినది. ఈ సంవత్సరము పూచినవానిని రెండు చేతుల వ్రేళ్లపై లెక్కింపవచ్చును. కొన్నిటిని మూలికలవారు తీసికొనిపోయిరి. కొన్ని బండలు పగులగొట్టు పనిలో పోయినవి. ఒకటి మన బాలురే త్రవ్విరి.

ఆ దుంప యేమైనదని అడిగెదరు. కొన విఱుగలేదు. మఱునాడు సాయంకాలము ఆ బాలురను, ఆ బాలికను వెంటబెట్టుకొని పోయి, చేతికి సంచి తొడిగికొని, తీసినచోటనే పాతితిమి. ఆ సంవత్సరము మొలవలేదు. పోయిన ఆషాఢమున మొలచినది; భాద్రపదమున నాలుగు పువ్వులు పూచినది. తెల్లదారము కట్టినది దానికే.

వచ్చు సంచికకు ఒక పని అప్పగించుచున్నాను. మీ యిండ్లలో అవ్వను, తాతను, ప్రక్కయింటి కన్నడమువారిని, తమిళమువారిని అడిగి, ఈ పువ్వునకు వారు చెప్పిన పేరును, ఆ పేరు ఎందుకు వచ్చినదని వారనుకొందురో ఆ సంగతిని, మీ యూరి పేరుతో సహా ఒక కాగితముపై వ్రాసి కార్తీకమాసము ముగియులోపల నాకు తెచ్చి యిండు. పువ్వు బొమ్మ వేసి తెచ్చినచో మఱియు మంచిది. దుంపను మాత్రము తేవలదు.